ఫైరింజన్ కథ: నిజాం రైల్వే మోటారు బండి నుంచి జాలరిపేట సందు దాకా

2023 నవంబర్ 19, ఆదివారం రాత్రి 11 గంటలు దాటాక విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో ఒక బోటుకి నిప్పంటుకుంది. తెల్లారేసరికి 40 దాకా బోట్లు కాలిపోయాయి. ఫైరింజన్లు వచ్చాయి, నేవీ సాయం కూడా వచ్చింది. అయినా జాలరిపేట కుటుంబాలు ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న ఆస్తి కళ్ళముందే బూడిదైపోయింది.

ఆ రాత్రి తర్వాత చాలామంది అడిగిన ప్రశ్న ఒకటే. చుట్టూ సముద్రం, ఊరినిండా ఫైరింజన్లు. పోర్టుకి, రిఫైనరీకి, స్టీల్ ప్లాంటుకి సొంత ఏర్పాట్లు కూడా ఉన్నాయి. అలాంటి ఊళ్ళో మంట ఎందుకు ఆగలేదు? జవాబు కావాలంటే అసలు ఫైరింజన్ అనే బండి ఏం చేయగలదో, ఏం చేయలేదో తెలియాలి. దానికి కొంచెం వెనక్కి, వందేళ్ళకి పైగా వెనక్కి వెళ్ళాలి.

భిష్తీ మష్క్ నుంచి చేతి పంపు దాకా

ఫైరింజన్లు లేని రోజుల్లో నిప్పంటుకుంటే బావి, చెరువు, కుండలు, బిందెలు, వీటితోనే పని. ఊళ్ళో నీళ్ళు మోసే పని భిష్తీలది. తోలు మష్క్ వీపున వేసుకుని ఇంటింటికీ నీళ్ళు పోసినవాళ్ళు, దుమ్ము లేవకుండా వీధులు తడిపినవాళ్ళు వాళ్ళే. కానీ ఒక మష్క్‌లో పట్టేది కొద్ది నీళ్ళు. తాటాకు కప్పు మీద మంట లేచాక ఆ నీళ్ళు ఏ మూలకీ చాలవు.

తర్వాత చేతి పంపు బండ్లు వచ్చాయి. బండికి రెండు వైపులా పొడవాటి కర్రలు, వాటిని పట్టుకుని ఒకవైపు వాళ్ళు కిందికి నొక్కితే రెండోవైపు పైకి లేస్తుంది. పెద్ద బండికి 20 మందికి పైగా కావాలి. కొద్ది నిమిషాల్లోనే చేతులు పడిపోతాయి, వెంటనే ఇంకో జట్టు అందుకోవాలి. లండన్‌లో అయితే దారిన పోయేవాళ్ళని పిలిచి పంపు కొట్టించేవాళ్ళు. మొదటి గంటకి ఒక షిల్లింగ్, ఆ తర్వాత గంటకి ఆరు పెన్నీలు కూలి. అంటే మంట ఎంతసేపు మండితే ఖర్చు అంత.

ఉర్దూ, హిందీ పత్రికల్లో ఫైరింజన్‌ని దమ్‌కల్ అని రాస్తారు. దమ్ అంటే ఊపిరి, కల్ అంటే యంత్రం. పేరులోనే విషయం ఉంది. మనిషి ఊపిరి అయిపోయిన చోట యంత్రం ఊపిరి కావాల్సి వచ్చింది.

ఆవిరి, గుర్రం, గడ్డి ఖర్చు

ఆ ఊపిరి మొదట ఆవిరి రూపంలో వచ్చింది. 1829లో లండన్‌లో బ్రెయిత్‌వెయిట్, ఎరిక్సన్ అనే ఇద్దరు ఇంజనీర్లు ఆవిరితో పంపు కొట్టే ఫైరింజన్ తయారుచేశారు. తర్వాత అదే పద్ధతి ప్రపంచమంతా పాకింది. పంపుకి ఆవిరి, బండికి గుర్రాలు.

ఆవిరి పంపు అలసిపోదు, నిజమే. కానీ బాయిలర్‌లో నీళ్ళు కాగి ఆవిరి పట్టడానికే కొన్ని నిమిషాలు పడుతుంది. బండి వెళ్తుండగానే వెనకాల ఒకతను బొగ్గు వేస్తూ ఉండాలి. ఇక గుర్రాల సంగతి. మంట లేని రోజున కూడా వాటికి దాణా కావాలి, లాయం కావాలి, చూసుకునే మనిషి కావాలి. లెక్కల భాషలో చెప్పాలంటే పని ఉన్నా లేకపోయినా తప్పని స్థిరమైన ఖర్చు అది. మోటారు బండి అయితే తిరిగినప్పుడే పెట్రోలు తాగుతుంది. మున్సిపాలిటీలు గుర్రాల్ని వదిలి మోటారు వైపు వెళ్ళడానికి వేగంతో పాటు ఈ లెక్క కూడా ఒక కారణం.

ఒకే ఇంజన్, రెండు పనులు

1904లో ఇంగ్లండ్‌లోని ఫించ్లీ అనే ఊరికి మెర్రీవెదర్ కంపెనీ ఒక ఫైరింజన్ ఇచ్చింది. దాని విశేషం ఏంటంటే బండిని నడిపేదీ, పంపుని తిప్పేదీ ఒకే పెట్రోల్ ఇంజన్. దారిలో చక్రాలకి, చోటుకి చేరాక గేరు మార్చి పంపుకి. ఇవాళ మనం రోడ్డు మీద చూసే ఎర్రబండి కూడా అదే సూత్రంతో పనిచేస్తుంది.

1908లో డెన్నిస్ కంపెనీ బ్రాడ్‌ఫర్డ్ నగరానికి తన మొదటి ఫైరింజన్ అమ్మింది. దానికి పెట్టిన పంపు గుండ్రంగా తిరిగే రెక్కల పంపు. పాత పిస్టన్ పంపులు దెబ్బ దెబ్బకీ ఆగి ఆగి నీళ్ళు కొడితే, ఇది ఒకే ధారగా కొడుతుంది. పైగా గొట్టం చివర నీళ్ళు మూసేసినా పంపు పగలదు.

ఆ పంపుకి ఒక లోపం ఉంది, అది మన ఇళ్ళల్లో అందరికీ తెలిసిందే. మోటారు గాలి పట్టేసింది, నీళ్ళు ఎత్తడం లేదు అంటాం కదా. పైన కాస్త నీళ్ళు పోస్తే గానీ ఎత్తదు. రెక్కల పంపు గాలిని లాగలేదు. అందుకే ఫైరింజన్‌లో ముందు గాలిని బయటికి తోసే చిన్న పంపు ఇంకొకటి వేరుగా పెట్టాల్సి వచ్చింది. అది పెట్టినా ఒక హద్దు ఉంది. కింద ఉన్న నీటిని ఏ పంపైనా పైకి లాగగలిగేది లెక్క ప్రకారం 10 మీటర్లు, పనిలోకి దిగితే 7 మీటర్లు వస్తే గొప్ప. హార్బర్ గట్టు మీద నిలబడి సముద్రంలోంచి నీళ్ళు లాగాలంటే ఈ హద్దు గుర్తుపెట్టుకోవాలి.

మన దేశంలో బొంబాయి ఫైర్ బ్రిగేడ్ 1907లోనే మోటారు ఫైరింజన్ తెచ్చుకుంది. అప్పట్లో విశాఖపట్నం మద్రాసు ప్రెసిడెన్సీలో ఒక జిల్లా కేంద్రం. రాజధాని మద్రాసు నగరానికే 1908లో ఫైర్ బ్రిగేడ్ ఏర్పడింది. లండన్‌లో చివరి గుర్రపు ఫైరింజన్ 1921లో గానీ పక్కకి తప్పుకోలేదు. అంటే ఈ మార్పు ఒక్క రోజులో జరగలేదు, గుర్రం, మోటారు కొన్నేళ్ళు పక్కపక్కనే పరుగెత్తాయి.

నిజాం రైల్వే ఫైరింజన్

ఆ తొలి తరం మోటారు ఫైరింజన్ ఒకటి తెలుగు నేల మీద తిరిగింది. ఇప్పటికీ ఉంది. ఢిల్లీలోని నేషనల్ రైల్ మ్యూజియంకి వెళ్తే 1914 నాటి మోరిస్ బెల్సైజ్ ఫైరింజన్ కనిపిస్తుంది. ఇంగ్లండ్‌లో మాంచెస్టర్ పక్కనున్న సాల్ఫోర్డ్‌లో జాన్ మోరిస్ అండ్ సన్స్ కంపెనీ దాన్ని బెల్సైజ్ చాసిస్ మీద కట్టింది. అది పనిచేసింది నిజాం రైల్వేలో. ఇలాంటివి ప్రపంచంలో ఇంక రెండే మిగిలాయని చెబుతారు.

1914 అంటే మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కి మూడేళ్ళు. రైల్వేకి ఫైరింజన్ ఎందుకంటే కారణాలు చాలా ఉన్నాయి. స్టేషన్ గోడౌన్లలో పత్తి బేళ్ళు, వర్క్‌షాపులో కలప పెట్టెలు, రంగులు, నూనెలు, పక్కనే నిప్పురవ్వలు చిమ్మే ఆవిరి ఇంజన్లు. ఒక్క రవ్వ చాలు. నష్టం ఎవరి ఖాతాలో పడుతుందో తెలిసిన సంస్థలే ముందుగా మంచి యంత్రం కొన్నాయి. పేదవాళ్ళ వాడల్లో నష్టపోయేది ఎవరికి వారే, అక్కడికి బండి ఆలస్యంగానే వచ్చింది. ఫైరింజన్ చరిత్ర అంతా చూస్తే ఈ తేడా ఎక్కడికక్కడ కనబడుతుంది.

తొలి మోటారు బండ్ల మీద పని కూడా సులభం కాదు. స్టార్ట్ చేయాలంటే ముందు హ్యాండిల్ పెట్టి తిప్పాలి, చేయి జారితే మణికట్టు విరిగేది. టైర్లలో గాలి ఉండదు, గట్టి రబ్బరు. తడి రోడ్డు మీద జారేది, గతుకుల్లో ఒళ్ళు హూనమయ్యేది. బండికి పైకప్పు లేదు. ఫైర్‌మెన్‌లు రెండు పక్కలా బయటికి కాళ్ళు పెట్టి, కమ్మీ పట్టుకుని కూర్చునేవాళ్ళు. మలుపులో పట్టు తప్పితే రోడ్డు మీదే. సైరన్ లేదు, ఇత్తడి గంట కొట్టుకుంటూ వెళ్ళేవాళ్ళు.

పోర్టు ఊరికి పెరిగిన ప్రమాదం

విశాఖ పోర్టు 1933లో మొదలైంది. అప్పటిదాకా చేపల పడవలు, పాత ఊరు, కొన్ని గోడౌన్లు ఉన్న పట్నం. పోర్టుతో ఓడలు, నూనె, ఖనిజం, కూలీలు అందరూ వచ్చారు. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. జనం ఊరు వదిలి పోయారు. యుద్ధం రోజుల్లో బాంబుల మంటలకి పెద్ద ఫైరింజన్లు చాలక, కారుకో లారీకో తగిలించి లాక్కెళ్ళే ట్రెయిలర్ పంపులు వాడుకలోకి వచ్చాయి. చవక, తేలిక, మనుషులు చేత్తో కూడా తోసుకెళ్ళొచ్చు. ఈ విషయం గుర్తుంచుకోండి, సందుల దగ్గర మళ్ళీ వస్తుంది.

రెండేళ్ళ తర్వాత 1944 ఏప్రిల్ 14న బొంబాయి విక్టోరియా డాక్‌లో ఎస్.ఎస్. ఫోర్ట్ స్టికీన్ అనే ఓడకి నిప్పంటుకుంది. అందులో పత్తి బేళ్ళతో పాటు పేలుడు పదార్థాలు ఉన్నాయి. ఫైర్‌మెన్‌లు నీళ్ళు కొడుతుండగానే ఓడ పేలిపోయింది. 66 మంది ఫైర్‌మెన్‌లు చనిపోయారు, పౌరులు, కార్మికులు వందల్లో పోయారు. ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 దాకా జరిగే అగ్నిమాపక వారోత్సవాలు వాళ్ళ గుర్తుగానే. మన పిల్లలు స్కూల్లో ఫైరింజన్ ఎక్కి ఫొటో దిగే రోజు వెనుక ఉన్న సంగతి ఇది.

1956లో ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక మద్రాసు రాష్ట్రం వైపు ఫైర్ సర్వీసు, హైదరాబాద్ రాష్ట్రం వైపు ఫైర్ సర్వీసు ఒకటయ్యాయి. 1957లో విశాఖలో కాల్టెక్స్ రిఫైనరీ వచ్చింది, అదే తర్వాత హెచ్‌పీసీఎల్. 1997 సెప్టెంబర్ 14న ఆ రిఫైనరీలో గ్యాస్ పేలి 50 మందికి పైగా చనిపోయారు. ఆ మంటని ఈ ఊరు ఇంకా మర్చిపోలేదు.

రెండున్నర నిమిషాల నీళ్ళు

ఇప్పుడు ఇవాళ్టి బండి దగ్గరికి వద్దాం. మన దేశంలో మామూలుగా కనిపించే పెద్ద వాటర్ టెండర్‌లో 4,500 లీటర్ల నీళ్ళు పడతాయి. దాని పంపు నిమిషానికి 1,800 లీటర్లు కొట్టగలదు. భాగించి చూడండి. పూర్తి వేగంతో కొడితే రెండున్నర నిమిషాల్లో ట్యాంకు ఖాళీ. ధార తగ్గించి వాడితే ఇంకొంతసేపు వస్తుంది. ఆ తర్వాత ఇంకో బండి రావాలి, లేదా దగ్గర్లో హైడ్రంటో, సంపో, చెరువో, సముద్రమో ఉండాలి.

అందుకే "ఫైరింజన్ వచ్చింది, నీళ్ళు అయిపోయాయని వెళ్ళిపోయింది" అని జనం తిట్టుకుంటారు. వాళ్ళు పారిపోవడం కాదు, నింపుకోవడానికి వెళ్తున్నారు. నింపుకునే చోటు ఎంత దూరంలో ఉందన్నదే అసలు ప్రశ్న. అది ఫైర్‌మన్ చేతిలో లేదు, కార్పొరేషన్ చేతిలో ఉంది.

ఇంకో సంగతి. డీజిల్ మంట మీద మామూలు నీళ్ళు కొడితే డీజిల్ నీటి మీద తేలి మంటని పక్కకి మోసుకెళ్తుంది. దానికి నురుగు కావాలి. ఆ నురుగు కథ కూడా తెలుసుకోదగ్గదే. కాస్పియన్ సముద్రం ఒడ్డున చమురు బావుల ఊరు బాకూలో అలెగ్జాండర్ లోరాన్ అనే స్కూల్ టీచర్ ఉండేవాడు. చమురు మంటల్ని నీళ్ళు ఆపలేకపోవడం చూసి, మంటకి గాలి తగలకుండా దుప్పటిలా కప్పేసే నురుగు తయారుచేశాడు. 1902 నుంచి ప్రయోగాలు చేసి 1904లో పేటెంటు పొందాడు. ఫించ్లీ మోటారు ఫైరింజన్ వచ్చిన ఏడాదే అది.

హార్బర్ రాత్రి ఏం జరిగింది

ఇప్పుడు 2023 నవంబర్ రాత్రిని ఈ లెక్కలతో చూడండి. బోట్లు ఒకదానికొకటి తాళ్ళతో కట్టి, మధ్యలో జానెడు సందు లేకుండా నిలిపి ఉన్నాయి. వేటకి వెళ్తే రోజుల తరబడి సముద్రంలోనే ఉంటారు కాబట్టి బోట్లలో డీజిల్, వంటకి గ్యాస్ సిలిండర్లు. కలప, ఫైబర్, నైలాన్ వలలు, తాళ్ళు, అన్నీ మండేవే. సిలిండర్లు పేలుతుంటే దగ్గరికి వెళ్ళడమే కష్టం.

మంట పాకకుండా అంటుకున్న బోటుని తాళ్ళు విప్పి నీళ్ళలోకి వదిలేశారు. ఆలోచన సరైనదే. కానీ గాలి, నీటి వాలు కలిసి దాన్ని మళ్ళీ జెట్టీ వైపే తెచ్చాయి, పక్క బోట్లూ అంటుకున్నాయి. ఫైరింజన్ నిలబడేది గట్టు మీద. మంట ఉన్నది వరుసల అవతల నీటి మీద. గట్టు నుంచి కొట్టిన ధార ముందు వరుస దాటి వెనక్కి అందాలి. నీటి వైపు నుంచి కొట్టే పంపు, నురుగు మొదటి నిమిషాల్లోనే ఉండాలి. ఇలాంటి చోట బండ్ల సంఖ్య పెంచితే చాలదు. బోటుకీ బోటుకీ మధ్య ఖాళీ, గట్టు మీద హైడ్రంట్, నీటి మీద పంపు, ఈ మూడూ ముందే ఉండాలి.

సందు ముందు ఆగే బండి

హార్బర్ వదిలి జాలరిపేట ఇళ్ళ వైపు వస్తే సమస్య మారుతుంది. పెద్ద ఫైరింజన్ వెడల్పు సుమారు రెండున్నర మీటర్లు, అంటే 8 అడుగులు. అద్దాలతో కలిపితే ఇంకా ఎక్కువ. రెండు బైకులు ఎదురైతేనే తప్పుకోలేని సందులోకి అది రాదు. పాత పోస్టాఫీసు, దర్గా కొండ చుట్టుపక్కల మన మొహల్లాల్లో ఉన్నదీ ఇదే పరిస్థితి. జాలరి ఇల్లైనా, మన ఇల్లైనా మంటకి తేడా తెలియదు.

బండి సందు మొదట్లో ఆగితే అక్కడి నుంచి గొట్టం పరచాలి. ఒక్కో గొట్టం సాధారణంగా 15 మీటర్లు. 150 మీటర్ల లోపల ఇల్లు కాలుతుంటే పది గొట్టాలు కలపాలి. ప్రతి మలుపులో గొట్టం మడత పడుతుంది, దూరం పెరిగేకొద్దీ ధార జోరు తగ్గుతుంది.

ఈ కష్టం కొత్తదేం కాదు. ఇస్తాంబుల్‌లో కూడా ఇలాంటి ఇరుకు సందులు, చెక్క ఇళ్ళు. అక్కడ 1720 ప్రాంతంలో ఫ్రాన్స్ నుంచి వచ్చి ఇస్లాం స్వీకరించిన దావూద్ అనే ఆయన ఆధ్వర్యంలో తులుంబాజీల దళం మొదలైంది. తులుంబా అంటే పంపు. వాళ్ళు పంపుని బండి మీద పెట్టలేదు, పల్లకీలా భుజాల మీద మోసుకుంటూ సందుల్లో పరుగెత్తేవాళ్ళు. సందు మారదు కాబట్టి పంపునే సందుకి తగ్గట్టు చిన్నది చేశారు.

మన దగ్గరా దారి అదే. హైదరాబాద్ లాంటి చోట బుల్లెట్ బైకుల మీద నీటి తుంపర కొట్టే చిన్న పరికరాలు వాడకంలోకి తెచ్చారు. యుద్ధం రోజుల ట్రెయిలర్ పంపు లాంటివి కూడా సందులకి పనికొస్తాయి. జాలరిపేట లాంటి చోట వార్డు పెద్దలు, మసీదు కమిటీలు, మత్స్యకార సంఘాలు కలిసి కార్పొరేటర్‌ని అడగాల్సింది ఇదే. పెద్ద బండి కోసం అడగడంతో ఆగొద్దు. సందు మొదట్లో ఒక హైడ్రంట్, వాడలో ఒక చిన్న పంపు, దాన్ని నడపడం నేర్చిన నలుగురు కుర్రాళ్ళు కావాలని అడగండి.

బండి వచ్చేలోపు మన చేతిలో ఉన్నది

మొదట 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. ఏం కాలుతోంది, లోపల మనుషులు ఉన్నారా, సిలిండర్ ఉందా, సందు ఎంత వెడల్పు అన్నది చెప్పండి. ఒక మనిషి మెయిన్ రోడ్డు మీద నిలబడి బండికి దారి చూపించాలి. ఆటోలు, తోపుడు బండ్లు, ఎండబెట్టిన వలలు సందు మొదట్లో ఉంటే వెంటనే తీయించండి.

కరెంటు మంటైతే ముందు మెయిన్ ఆపండి, ఆపకుండా నీళ్ళు పోయొద్దు. బాణలిలో నూనె అంటుకుంటే నీళ్ళు అసలు పోయొద్దు, స్టవ్ ఆపి మూత పెట్టేయండి. గ్యాస్ వాసన వస్తే స్విచ్ వేయడం, ఆపడం రెండూ చేయొద్దు. రెగ్యులేటర్ మూసి, తలుపులు తెరిచి బయటికి రండి. సహ్రీకి నిద్రమత్తులో స్టవ్ వెలిగించే ఇళ్ళల్లో ఆడవాళ్ళకీ, మగపిల్లలకీ ఇద్దరికీ ఇది నేర్పాలి.

బోటు ఉన్నవాళ్ళు జెట్టీ మీద కట్టి ఉన్నప్పుడు అందులో వంట, సిగరెట్ రెండూ ఆపించాలి. పొడి పౌడరు ఉన్న చిన్న ఫైర్ సిలిండర్ బోటులో ఉంటే మొదటి రెండు నిమిషాల్లో పని అయిపోతుంది. ఆ రెండు నిమిషాలు దాటాకే 40 బోట్ల లెక్క మొదలవుతుంది.

చివరగా డబ్బు మాట

హార్బర్ ప్రమాదం తర్వాత తెలిసిన చేదు నిజం ఏంటంటే చాలా బోట్లకి బీమా లేదు. రాష్ట్ర ప్రభుత్వం బోటు విలువలో 80 శాతం పరిహారం ప్రకటించింది. మంచిదే. ఒక చిన్న లెక్క వేద్దాం. బోటు విలువ 40 లక్షలు అనుకుంటే 80 శాతం 32 లక్షలు. మిగతా 8 లక్షలు యజమాని మీదే పడతాయి. కొత్త బోటు తయారయ్యేదాకా వేట లేదు. ఆ నెలల్లో సరంగుకీ, ఖలాసీలకీ వాటా లేదు. బోటు మీద తెచ్చిన అప్పుకి వడ్డీ మాత్రం ఆగదు.

పైగా పరిహారం అన్నది ప్రభుత్వం దయతో ఇచ్చేది, ప్రతిసారీ ఇస్తుందన్న రాతకోత ఏమీ లేదు. బీమా అలా కాదు, అది ఒప్పందం, ఇవ్వకపోతే అడిగే హక్కు ఉంటుంది. మత్స్యకారుల ప్రమాద బీమా పథకం మనిషి ప్రాణానికి, అంగవైకల్యానికి వర్తిస్తుంది, బోటుకి వర్తించదు. రెండూ ఒకటే అనుకుని ధీమాగా ఉన్న కుటుంబాలు ఉన్నాయి, వాళ్ళకి ఈ తేడా చెప్పండి. బోటు రిజిస్ట్రేషన్, ఇంజన్ బిల్లు, బోటు ఫొటోలు బోటులో పెట్టకుండా ఇంట్లోనో ఫోన్‌లోనో దాచుకోండి. ఇల్లు, దుకాణం ఏది కాలినా ఫైర్ స్టేషన్ నుంచి సర్టిఫికెట్ తీసుకోండి. క్లెయిము అడిగితే మొదట చూసేది ఆ కాగితమే.

1914లో నిజాం రైల్వే ఆ బండి కొన్నది గోడౌన్‌లో సరుకు విలువ తెలుసు కాబట్టి. జాలరిపేటలో ఒక బోటు విలువ, మన మొహల్లాలో ఒక ఇంటి విలువ అందులో బతికేవాళ్ళకి తెలుసు. ఆ విలువని కాగితం మీద పెట్టి కార్పొరేషన్ ముందు, బీమా కంపెనీ ముందు చెప్పాల్సింది కూడా వాళ్ళే. వచ్చే ఏప్రిల్ వారోత్సవాల్లో ఫైర్ సిబ్బంది మీ వాడకి వస్తే ఫొటోతో సరిపెట్టకండి. మా సందు చివరి ఇంటిదాకా గొట్టం పరిచి చూపించండి, ఎన్ని నిమిషాలు పడుతుందో చూద్దాం అని అడగండి.